తీగ మోయగల బరువు

2018వ సంవత్సరం అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరము దాటినది. ఆ గాలిని చూచిన ఉద్దానపు శ్రోతలకు దానిని మేము వర్ణించి చెప్పనక్కరలేదు. చూడనివారికి చెప్పినను నమ్మకము కుదరదు. ఐదారు రోజుల తరువాత మా మేనమామగారి ఊరికి చేరుకోగలిగినాము. త్రోవ పొడుగునా కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడి ఉన్నవి. వాటి మీద జీడిమామిడి కొమ్మలు, వాటి మీద కరెంటు స్తంభాలు, ఆ స్తంభాల చుట్టూ తీగలు. ఊరిలో దీపము లేదు. మోటారు తిరగదు గనుక నీరు లేదు.

ఊరివారు చందాలు వేసుకొని ఒక జనరేటరును అద్దెకు తెచ్చుకొన్నారు. పూటకొక వీధికి వంతు. మా మామగారి వీధికి వంతు వచ్చిన పూట, జనరేటరు నుండి బావి మోటారు వరకు తీగ లాగే పని మా మీద పడినది. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివి వచ్చినవారమని మా వారికి మా యందు ఒక గౌరవము. కాశీబుగ్గ నుండి తెచ్చిన నూరు మీటర్ల తీగచుట్ట ఒకటి ఇంటిలో ఉన్నది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, కొత్తది, ముద్ర ఉన్నది. కావలసిన దూరము ఇరవై మీటర్లు. అంత మేరకు విప్పి, తక్కిన ఎనభై మీటర్లను చుట్టగానే అరుగు మూలకు నెట్టినాము. చినుకులు పడుచున్నవని దానిమీద టార్పాలిన్ కప్పినాము కూడాను. మోటారు తిరిగినది. ఆ తీగకే పొరుగింటి ఫ్రిజ్జు, నాలుగు దీపాలు, ఊరిలోని టెలిఫోనులన్నియు తగిలించినారు. మొత్తము పది ఆంపియర్లు ఉండవచ్చును. ఆ తీగకు పది ఆంపియర్లు ఒక లెక్క కాదని మేమే ధైర్యము చెప్పినాము.

గంటన్నర గడచునప్పటికి కమురు వాసన వచ్చినది. టార్పాలిన్ ఎత్తి చూతుము గదా, చుట్టలోని పొరలు కరిగి ఒకదానికొకటి అంటుకొని నల్లని ముద్ద అయినవి. మామగారు పరుగున పోయి జనరేటరు ఆపించి, తిరిగి వచ్చి, ఆ ముద్ద వైపు, మా వైపు మార్చి మార్చి చూచి, "ఏటల్లుడా, తీగ మంచిదే అన్నావు గదా!" అన్నారు.

తీగ మంచిదే. ఆ మాట ఈనాడును చెప్పగలము. జనరేటరుకు, చుట్టకు మధ్య నేల మీద పరచిన ఇరవై మీటర్లను చేతితో పట్టి చూచినాము. గోరువెచ్చగా కూడ లేదు. ఒకే తీగ, ఒకే రాగి, అందులో ప్రవహించినది ఒకే పది ఆంపియర్లు. ఒక భాగము చల్లగా ఉన్నది, ఒక భాగము ముద్ద అయినది. ఈ తీగ ఎన్ని ఆంపియర్లు మోయగలదని ఆ పూట ఎవరైనను అడిగినచో ఏ అంకె చెప్పవలెను?

విద్యుత్తు ఏ తీగలో ప్రవహించినను ఆ తీగ కొంత వేడెక్కును. ప్రవాహము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగునని జౌల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1840 ప్రాంతములో కనుగొన్నాడు. ఇది మేము పరీక్షలో తప్పు లేకుండ వ్రాసి మార్కులు తెచ్చుకొన్న సూత్రమే. మా చుట్టకు దానిని అన్వయించి చూడండి. అటువంటి తీగలో పది ఆంపియర్లు పోయి వచ్చునప్పుడు మీటరుకు సుమారు రెండున్నర వాట్ల వేడి పుట్టును. నేలమీద సాగదీసిన మీటరు తీగకు రెండున్నర వాట్లు ఏపాటి? గాలికి ఇచ్చివేసి ఊరకుండును. కాని చుట్టలోని ఎనభై మీటర్లలో పుట్టినది రెండువందల వాట్లు. నూరు వాట్ల బల్బులు రెండింటిని వెలిగించి, గోనెసంచిలో మూటగట్టి, దానిపై టార్పాలిన్ కప్పినట్లయినది మా నిర్వాకము.

కనుక తీగ ఎంత మోయగలదను ప్రశ్నకు సమాధానము రాగిలో లేదు. తీగలో ఎంత వేడి పుట్టుచున్నది, ఎంత వేడి బయటికి పోగలుగుచున్నది అను రెండింటి నడుమనున్న సమతూకములో ఉన్నది. పుట్టిన వేడి, పోయిన వేడి సమానమైన చోట తీగ ఉష్ణోగ్రత నిలిచిపోవును. ఆ నిలిచిన చోటు తీగపై తొడుగు ఓర్చుకొనగల హద్దుకు లోపల ఉండవలెను. మన ఇండ్లలో సాధారణముగా వాడు పీవీసీ తొడుగుకు ఆ హద్దు 70 డిగ్రీల సెంటిగ్రేడు. రాగి వేయి డిగ్రీలు దాటినగాని కరగదు. ముందు లొంగిపోవునది ఎల్లప్పుడును తొడుగే. పైగా అది ఒక్కమారుగా కరిగిపోయినచో మనకు తెలియును. అట్లు గాక హద్దుకు ఎనిమిది, పది డిగ్రీలు పైన ఏండ్ల తరబడి ఉన్నచో, దాని ఆయుష్షు ఇంచుమించు సగమగునని ఇంజనీర్ల మోటు లెక్క. అట్టి తొడుగు గోడలోపల ఎండి, పెళుసై, ఏదో ఒకనాడు రాలును. ఆ రాలిన చోట రాగి రాగిని తాకును.

ఈ సంగతి మనుష్యులు ఇండ్లు కాల్చుకొనియే నేర్చినారు. విద్యుద్దీపములు నగరాలలో ప్రవేశించిన తొలి దినాలలో వాటికి హద్దులు గీయుటకు ముందుకు వచ్చినవారిలో అగ్నిప్రమాదపు బీమా కంపెనీలవారు ఉన్నారు. నష్టపరిహారము చెల్లించవలసినవారు వారే గదా! 1882లో లండనులో ఫీనిక్స్ అను బీమా సంస్థ ఒక నియమావళిని, అక్కడి టెలిగ్రాఫ్ ఇంజనీర్ల సంఘము మరియొకదానిని ప్రకటించినవి. అమెరికాలో జాతీయ విద్యుత్ నియమావళి 1897లో వచ్చినది. ఏ తీగ ఏ పరిస్థితిలో ఎంత వేడెక్కునో ఎడిసన్ ప్రయోగశాలలో కెన్నెల్లీ అను ఇంజనీరు 1889 నాటికే తీగలను గోడల మీద, చెక్క పట్టీలలో బిగించి కొలిచి చూచినాడు. నేలలో పూడ్చిన కేబుళ్ల వేడిని లెక్కగట్టు పద్ధతిని నేహర్, మెక్‌గ్రాత్ అను ఇద్దరు 1957లో ప్రకటించినారు. నేటికిని ఇంజనీర్లు దానిని తిరగవేయుచునే ఉన్నారు.

మన దేశములో 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు చాలకాలము నడచినవి. వాటి స్థానములో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి భద్రతా నిబంధనలు 2010లో వచ్చి, 2023లో మరల సవరింపబడినవి. ఇంటి వైరింగు ఎట్లుండవలెనో చెప్పు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 732, ఏ కేబులు ఎంత మోయవచ్చునో చెప్పు పట్టికలు ఐ.ఎస్. 3961. ఈ రెండవదానిలో మన దేశపు ఎండను గౌరవించిన వివరము ఒకటి ఉన్నది. ఐరోపావారి పట్టికలు చుట్టూ గాలి 30 డిగ్రీలని పెట్టుకొని లెక్క మొదలుపెట్టును. మన పట్టికలు 40 డిగ్రీలని పెట్టుకొన్నవి. విదేశీ పుస్తకములోని అంకెను యథాతథముగా దించుకొని టెక్కలిలో వైరింగు చేయుట, అక్కడి ఉన్నికోటును ఇక్కడ మే నెలలో తొడుగుకొనుట వంటిది.

అంకెలు లేనిదే ఈ విషయము బోధపడదు గనుక ఒక లెక్క చేసి చూతము. శ్రోతలు కాగితము, పెన్సిలు తీసికొన్నచో మేలు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఉన్నది. మన మేస్త్రీలలో పెద్దవారు ఇప్పటికిని పాత గేజి లెక్కలో "మూడు ఇరవై", "ఏడు ఇరవై" అని తీగలను పిలుచుదురు. 20వ గేజి పోగులు మూడు, లేక ఏడు అని దాని అర్థము. మూడు ఇరవై అనగా సుమారు రెండు చదరపు మిల్లీమీటర్లు, మన 2.5 దానికి కొంచెము అన్న. ఈ తీగల జత ఒకటి గోడమీది పైపులో ఒంటరిగా పోవుచున్నచో, చుట్టూ గాలి 30 డిగ్రీలైనప్పుడు 24 ఆంపియర్లు మోయునని అంతర్జాతీయ పట్టిక. గాలి 40 డిగ్రీలైనచో దానిని 0.87 చేత గుణించవలెను. 21 అగును. ఇక వేసవిలో రేకుల కప్పు క్రింద, పైకప్పుకు ఆనించి పోవు పైపును తలచుకోండి. అక్కడ 50 డిగ్రీలుండుట ఆశ్చర్యము కాదు. అప్పటి గుణకము 0.71, మన తీగ 17 ఆంపియర్లకు దిగినది.

ఆ పైపులో ఆ జత ఒంటరిగా ఉన్నదా? ఉండదు. పైపు ఖర్చు కలిసి వచ్చునని మేస్త్రీ మూడు సర్క్యూట్లను ఒకే పైపులో దూర్చును. చలికాలములో ఒకే దుప్పటిలో ముగ్గురు పడుకొన్నట్లు, ఒకదాని వేడి మరియొకదానికి తగులును. మూడు సర్క్యూట్లు కలిసి నిండుగా పనిచేయునప్పుడు గుణకము 0.70. పదిహేడును దానితో గుణించినచో 12 ఆంపియర్లు. దుకాణములో 24 అని విని కొన్న తీగ, ఆ కప్పు క్రింద ఆ గుంపులో చేరిన తరువాత పన్నెండుకు వచ్చినది. తీగ మారలేదు, దుకాణదారు అబద్ధమాడలేదు.

ఒకనాటి ఇంటికి ఈ లెక్కతో పని లేకపోయినది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము ఉత్పత్తి ప్రారంభించిన కాలములో కరెంటు పెట్టించుకొన్న ఇల్లనగా అరవై వాట్ల దీపాలు ఐదు, పంకాలు రెండు, హాలులో ఒక రేడియో. అన్నియు కలిపి రెండు ఆంపియర్లు దాటవు. ఎంత సన్నని తీగ వేసినను చెల్లినది. నేడు అదే గోడలోని అదే పైపుల నుండి శీతలయంత్రము ఎనిమిది ఆంపియర్లు, నీళ్లు కాచు గీజరు తొమ్మిదికి కొంచెము తక్కువ, ఇండక్షను పొయ్యి అంతే కోరుచున్నవి. వాటిలో అల్యూమినియము తీగలు వేసిన ఇండ్లు కూడ కలవు. అల్యూమినియము అదే లావు రాగి మోయు బరువులో మూడు పాళ్లకు మించి మోయదు. గోడకు రంగు వేయించుటకు పదేండ్లకొకసారి ఆలోచించు గృహస్థు గోడలోని తీగను గురించి జన్మలో ఒకసారి కూడ ఆలోచింపడు. మేమును ఆలోచించినవారము కాము.

ఇక్కడ ఫ్యూజు సంగతి చెప్పకున్నచో ప్రసంగము సగమే అగును. ఫ్యూజు ఎవరిని కాపాడుటకు ఉన్నదని అడిగినచో చాలమంది టెలివిజనునో, ఫ్రిజ్జునో కాపాడుటకని చెప్పుదురు. కాదు. ఫ్యూజు తీగకు కాపలాదారు. యంత్రము కోరు ప్రవాహము కంటె ఫ్యూజు అంకె పెద్దదిగా ఉండవలెను. తీగ మోయగల అంకె ఫ్యూజు అంకె కంటె పెద్దదిగా ఉండవలెను. నియమావళులన్నింటికి గుండెకాయ వంటి సూత్రమిది. మన ఇండ్లలో జరుగునది దీనికి తలక్రిందు. మాటిమాటికి ఫ్యూజు పోవుచున్నదని విసిగి, చేతికి దొరికిన తీగపోగు ఒకటి అందులో చుట్టుదురు. ఆ ఏడు ఇరవై తీగలోని ఒక్క పోగును ఫ్యూజుగా చుట్టినచో, అది కరగుటకు సుమారు 70 ఆంపియర్లు కావలెను. అప్పటికి గోడలోని తీగ ఏమైపోవునో చెప్పనక్కరలేదు. కాపలాదారు నిద్రపోవుటకు అభ్యంతరము లేనప్పుడు కాపలాదారు ఎందుకు?

ఫ్యూజులు పోయి చిన్న చిన్న మీటలు, అనగా ఎంసీబీలు వచ్చినవి గదా అందురేమో. వచ్చినవి, మంచివే. వాటితోను తీగను చూచి మాటలాడవలెను. 16 ఆంపియర్ల ఎంసీబీ పదహారు దాటగానే పడిపోవునని అనుకొనుట పొరపాటు. 18 ఆంపియర్ల వరకు అది గంటసేపైనను పడక నిలుచునట్లు తయారుచేయుదురు. 23 దాటినచో గంట లోపల తప్పక పడవలెను. ఇప్పుడు రేకుల కప్పు క్రింది మన తీగను తలచుకోండి. దాని హద్దు పన్నెండు. దానిమీద శీతలయంత్రము, గీజరు కలిసి పదహారున్నర పైచిలుకు లాగుచున్నవి. ఎంసీబీకి ఇందులో తప్పేమియు కనిపించదు. అది నిలిచియే ఉండును. తీగ మాత్రము లోలోపల ఉడుకుచుండును. అట్టిచోట పది ఆంపియర్ల ఎంసీబీ పెట్టి ఒక యంత్రమునకే పరిమితము చేయవలెను, లేదా తీగ లావు పెంచవలెను, లేదా పైపును కప్పునుండి దింపి చల్లని గోడమీదికి తేవలెను. మూడవదానికి ఖర్చు తక్కువ. దానిని ఎవరును తలపెట్టరు.

ఇంకొక మాట ప్రక్కన చెప్పి ముందుకు సాగుదము. ఫ్యూజుగాని, ఎంసీబీగాని మనిషిని కాపాడవు. మనిషి ప్రాణము తీయుటకు ఆంపియరులో వెయ్యవ వంతులు కొన్ని పదులు చాలును. దానికై 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంచు మీట వేరుగా ఉన్నది. బావి దగ్గర, స్నానాలగది దగ్గర అది లేని ఇంటిలో తక్కిన లెక్కలన్నియు సరిగా ఉన్నను నిశ్చింత లేదు.

పలాస, కాశీబుగ్గల పేరు చెప్పగానే జీడిపప్పు గుర్తుకు వచ్చును. జీడిపిక్కలను ఉడికించి, పగులగొట్టి, లోని పప్పును బోర్మా అను వేడిగదిలో ఆరబెట్టి, పొట్టు తీయు పని అక్కడ వందలాది కుటుంబాల జీవనాధారము. ఈ వేడిగది మన లెక్కకు ఒక గట్టి పరీక్ష. లోపలి గాలి 70 డిగ్రీల ప్రాంతములో ఉండును. దాని ప్రక్కగోడ మీదుగా పంకా మోటారుకో, దీపానికో పీవీసీ తీగ పోవుచున్నదనుకొందము. చుట్టూ గాలి 60 డిగ్రీలైనచో మన 24 ఆంపియర్ల తీగ పన్నెండే మోయును. గాలియే 70 డిగ్రీలైనచో? సున్న. ఒక్క ఆంపియరు కూడ మోయరాదు. తన హద్దు వరకు వేడి బయటినుండియే వచ్చి కూర్చున్నప్పుడు, తనలో పుట్టిన వేడిని తీగ ఎక్కడికి పంపగలదు? అటువంటి చోటికి 90 డిగ్రీల హద్దు గల తొడుగులో, అంతకు మించినవో వాడవలెను. అన్నిటికంటె మేలు, తీగను ఆ గోడకు దూరముగా త్రిప్పి తెచ్చుట.

వేడిగదికి మరియొక గుణము ఉన్నది. ఇంటిలో గీజరు పావుగంట వెలిగి ఆరును, మోటారు అరగంట తిరిగి ఆగును. అన్నియు ఒక్కసారి నడచుట అరుదు. అందుచేత ఇంజనీర్లు ఇంటి మొత్తపు బరువును కొంత తగ్గించి లెక్కింతురు. కర్మాగారములో ఆ వెసులుబాటు లేదు. ఉదయము పెట్టిన యంత్రము సాయంత్రము వరకు నడచును. సన్నని తీగ అరగంట లోపలనే తన పూర్తి వేడికి చేరుకొనును గనుక, నాలుగు గంటలైనను నలుబది గంటలైనను దానికి ఒకటే.

నాలుగు గంటలు అన్నప్పుడు ఉద్దానములో మరియొక సంగతి తలపునకు రాక మానదు. మూత్రపిండాల వ్యాధి ఈ ప్రాంతపు ఇంటింటి దుఃఖము. డయాలిసిస్ చేయించుకొను రోగి సాధారణముగా వారమునకు మూడుసార్లు, సారికి నాలుగు గంటల చొప్పున యంత్రము ప్రక్కన పడుకొనవలెను. పలాసలో 200 పడకల మూత్రపిండాల పరిశోధన కేంద్రము, ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. అటువంటి చోట యంత్రాలు వరుసగా ఉండును. ఒక్కొక్కటి ద్రవమును శరీరపు వేడికి తెచ్చి నిలుపుచు, గంటల తరబడి ఆగకుండ నడచును. రోగి లేచిన తరువాత కొన్ని యంత్రాలను వేడినీటితో శుద్ధి చేయుదురు. అప్పుడు వాటి లోపలి హీటరు నిండుగా వెలుగును. వెనుకగదిలో నీటిని శుద్ధిచేయు పంపులు వీటికి తోడు. ఇక్కడ "అన్నియు ఒక్కసారి నడవవు లెండి" అను ఇంటి లెక్క పనికిరాదు. ఒక్కసారి నడచుటయే అక్కడి ధర్మము. పది యంత్రాలకు పది తీగలజతలను ఒకే పైపులో కుదించినచో ఏమగునో శ్రోతలు ఇప్పుడు తామే చెప్పగలరు. వాటిని విడివిడిగా, గాలి తగులు పళ్లెములో ఎడముగా పరచవలెను, లేదా అంతటికి తగినట్లు లావు పెంచవలెను. డయాలిసిస్ మధ్యలో కరెంటు పోయినచో రోగి రక్తము కొంత యంత్రపు గొట్టాలలో ఉండిపోవును. నర్సులు దానిని తిరిగి శరీరములోనికి ఎక్కించు ఉపాయాలు, యంత్రములో బ్యాటరీలు లేకపోలేదు. అయినను ఆ పరిస్థితి ఒక పైపు ఖర్చు ఆదా చేసినందువలన రాకూడదు.

వేడి ఒక్కటే హద్దు అనుకొనరాదు. కొబ్బరితోటల రైతులకు మరియొక చిక్కు ఉన్నది. మీటరు ఇంటి దగ్గర, బావి తోట మధ్యన. నడుమ నూరు మీటర్లు. ఒక గుర్రపుశక్తి మోటారు సుమారు ఆరు ఆంపియర్లు తీసికొనును. 2.5 తీగ దానిని నవ్వుచు మోయును. వేడి మాటే లేదు. కాని తీగ పొడవున వోల్టేజి జారిపోవును. ఈ లెక్కకు నూరు మీటర్లలో పదకొండు వోల్టులు. నడుచునప్పుడు ఫరవాలేదు. మోటారు లేచునప్పుడు ఐదు రెట్లు, అనగా ముప్పది ఆంపియర్లు కోరును. అప్పుడు జారునది 54 వోల్టులు. సాయంకాలము ఊరికే రెండువందల వోల్టులు వచ్చుచున్నచో మోటారుకు అందునది 146. మోటారు మూలుగును గాని తిరగదు. తిరగని మోటారు ఆ ముప్పది ఆంపియర్లను లాగుచునే ఉండును. కాసేపటికి చుట్ట కాలును, రైతు మోటారు కంపెనీని తిట్టును. అదే దూరమునకు 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసినచో లేచునప్పుడు జారునది 22 వోల్టులే.

సముద్రపు గాలి చేయు పని కూడ ఒకటి చెప్పవలెను. తిత్లీ తరువాత తెగిన తీగలను ముడివేసి, మెలిపెట్టి, టేపు చుట్టి ఎన్ని ఇండ్లలో దీపాలు వెలిగించుకొన్నామో లెక్కలేదు. ఆ గడ్డుదినాలలో అది తప్పు కాదు. తప్పు ఏమనగా, ఆ ముళ్లు కొన్ని తరువాతను అట్లే ఉండిపోవుట. రాగిని, అల్యూమినియమును నేరుగా మెలిపెట్టిన చోట ఉప్పుతేమ తగిలినచో అల్యూమినియము తినివేయబడును. ముడి వద్ద నిరోధము పెరుగును. ఆ ముడి నిరోధము ఒక ఓములో పదవ వంతైనను, పదిహేను ఆంపియర్లు పోవునప్పుడు చింతపిక్కంత చోట ఇరవై రెండు వాట్ల వేడి పుట్టును. పట్టికలోని ఏ అంకెయు దీనిని ఎరుగదు. ఫ్యూజు దీనిని చూడలేదు, ఏలనగా ప్రవాహములో మార్పు లేదు. స్విచ్చుబోర్డు మీద చేయి వేసినప్పుడు ఒకచోట వెచ్చగా తగిలినను, ప్లాస్టికు పసుపుబారినను, చేపలు కమరినట్టి వాసన వచ్చినను కరెంటు ఆపించి విప్పి చూడవలసినదే. విప్పువాడు అనుమతిపత్రము గల పనివాడై ఉండవలెనని నిబంధన ఉన్నది. అది కాగితము కొరకు పెట్టిన నిబంధన కాదు.

ఇల్లు కట్టుకొనువారు మేస్త్రీని నాలుగు ప్రశ్నలు అడిగినచో అతడు నొచ్చుకొనడు. మంచి మేస్త్రీ సంతోషించును. ఈ పైపులో ఎన్ని సర్క్యూట్లు పోవుచున్నవి? కప్పు క్రింద ఎంత వేడి ఉండునని లెక్క వేసినావు? ఈ మీట అంకె తీగను చూచి పెట్టినావా, యంత్రమును చూచి పెట్టినావా? దూరము కొలిచినావా? మూడవ ప్రశ్నకు అతడు తడబడినచో ఆ రోజు పని ఆపించుటకు సంకోచింపవద్దు.

మా మామగారు ఆ కరిగిన ముద్దను పారవేయనీయలేదు. మోటారు కొట్టములో మేకుకు తగిలించి ఉంచినారు. క్రొత్త తీగచుట్ట కొన్నారు. కొన్ని చుట్టలమీద రెండు అంకెలు ముద్రించి ఉండుననియు, చుట్టియుండగా వేయి వాట్లయినచో విప్పినప్పుడు మూడువేలు అన్నట్లు వ్రాసి ఉండుననియు మేము చెప్పినప్పటినుండి, దుకాణములో ఆ రెండవ అంకె చూపించమని పట్టుపట్టుచున్నారట. పది మీటర్ల దూరమునకు కరెంటు కావలసివచ్చినను నూరు మీటర్లు విప్పి, తోటలో మిగిలిన కొబ్బరిమొక్కల నడుమ వంకరటింకరగా పరచి, పని అయిన తరువాత ఓపికగా చుట్టుకొనుచున్నారు. పొరుగువారు చూచి నవ్వుదురు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ పని మా చేత కూడ చేయించినారు.